బోర్ కాదు, బోర్

కొత్తగా ఇంగ్లీషు టీచరు ఉద్యోగంలో చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. పాఠం ఎట్లా చెప్పాలో అడుగుతారు. అది వాళ్ళకు శిక్షణలో చెప్పే ఉంటారు. నేను చెప్పగలిగింది వేరే ఉంది: ఎట్లా దిద్దకూడదో. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పని చేశాను. మొదట బెళుగుప్ప మండలంలో, తర్వాత రిటైరయ్యేదాకా కుందుర్పి వైపు ఒక ఊరి హైస్కూల్లో. ఎప్పుడు ఏ స్కేలు వచ్చిందో ఇక్కడ రాయను. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఎర్ర ఇంకు పెన్నుతో గడిచింది. ఆ పెన్ను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను.

నా భార్య సుగుణ అదే బడిలో తెలుగు టీచరు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆమె లేకుండా ఈ సంగతి చెప్పడం కుదరదు కాబట్టి ఇందులో వస్తుంది. అంతకు మించి ఆమె గురించి రాయను. రాస్తే అతికించినట్టు ఉంటుంది.

జింక సారు

ఇంగ్లీషులో కొన్ని మాటలు పలికితే ఒకటే. రాస్తే వేరు, అర్థం వేరు. తెలుగు చదువుకున్న పిల్లలకు ఇది మొదట అన్యాయంగా కనిపిస్తుంది. విన్నది విన్నట్టు రాస్తే చాలని ఐదేళ్ళు నేర్పి, ఆరో ఏట ఆ లెక్క ఇక్కడ చెల్లదంటాం.

స్టాఫ్ రూములో సుగుణ నన్ను ఆటపట్టించేది. "మా భాషలో పిల్లోడు నోరు తెరిస్తే ఏం రాయాల్నో తెలిసిపోతాది. మీ భాషలో మాట విన్నంక గూడా ఏ స్పెల్లింగని అడగాల. అదేం భాషండీ?"

నాకు వచ్చే సెలవు చీటీల్లో సగం 'డియర్ సార్' అని మొదలయ్యేవి, డి-ఇ-ఇ-ఆర్ స్పెల్లింగుతో. అంటే జింక సారు అని. ఎన్ని వందల సార్లు నన్ను జింకను చేశారో లెక్క లేదు. ప్రతిసారీ ఎర్ర గీత కొట్టి సరైన స్పెల్లింగు రాసి, కింద 'తిరిగి రాయి' అని పెట్టేవాణ్ణి. సెలవు చీటీలు కూడా దిద్దే టీచరు తాలూకా మొత్తంలో నేనొక్కణ్ణేనని నాకు గర్వంగా ఉండేది. ఈ గర్వం సంగతి గుర్తుంచుకోండి.

పాఠ్యపుస్తకం ఇచ్చే ఉదాహరణలు మాకు పనికొచ్చేవి కావు. మొదటి జంట చూడటం, సముద్రం. రెండూ 'సీ'. మా తరగతిలో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు. తర్వాతి జంట అమ్మకం, తెరచాప. రెండూ 'సేల్'. తెరచాప అంటే ఏమిటో చెప్పడానికే పీరియడు అయిపోయింది. చివర్లో ఒకడు లేచాడు.

"సార్, శెనక్కాయ కళ్ళంలో కప్పుతామే, ఆ పట్ట మాదిరా?"

"అట్లాంటిదే. దాంతో పడవ పోతుంది."

"పడవ యాడుంటాది సార్?"

గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను. ఆ తర్వాత పుస్తకం పక్కన పెట్టి మా ఊళ్ళకు పనికొచ్చే జంటలు నేనే రాసుకున్నాను. 'రూట్': శెనక్కాయ చెట్టు వేరు, బస్సు పోయే దారి. 'వీక్': వారం, బలహీనం. 'బేర్': కొండ మీద ఎలుగుబంటి, చెట్లు లేని అదే కొండ. 'బోర్': నీళ్ళ కోసం వేసేది, చేను తవ్వే అడవి పంది. పుస్తకాన్ని పక్కన పెట్టడానికి భయపడొద్దని కొత్తవాళ్ళకు ధైర్యంగా చెప్తాను. నేను పొరబడింది అక్కడ కాదు.

నా మొదటి హెడ్మాస్టరు

ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. మాట కూడా తక్కువే. ఒకసారి బడి స్థలం విషయమై పై ఆఫీసుకు స్వయంగా ఉత్తరం రాశారు. స్థలం అనే 'సైట్'కు బదులు చూపు అనే 'సైట్' పడింది. 'మా పాఠశాలకు చూపు సరిగా లేదు' అని పోయింది ఉత్తరం. అక్కడెవరో అంచున పెన్సిలుతో 'కళ్ళజోడు పంపాలా?' అని రాసి తిప్పి పంపారు.

నేను కొత్తగా చేరాను, వయసులో ఉన్నాను. ఆ కాగితం అందుకుని అటెండరు ముందే స్పెల్లింగు దిద్ది ఆయన చేతికిచ్చాను. ఆయన చదువుకుని నా వైపు చూశారు.

"ఏమప్పా, దిద్దినావు. బాగుండాది. నేనేం చెప్పబోయినానో అడిగినావా?"

"స్థలం సరిగా లేదనే కదా సార్."

"స్థలం బాగానే ఉండాది. దాన్నిండా ముళ్ళకంప మొలిచింది. కొట్టించండని అడిగినా. ఆ మాట యాడుంది దీంట్లో? నువ్వు దిద్దినంక గూడా ఉత్తరం తప్పుగానే పోతాండె."

నవ్వాను. ఇంగ్లీషు రాని మనిషి సర్ది చెప్పుకుంటున్నాడని అనుకున్నాను. ఆయన చెప్పింది నాకు అందడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

షహీన్

ఆ ఇరవై ఏళ్ళ తర్వాత, కుందుర్పి వైపు బడిలో, తొమ్మిదో తరగతిలో షహీన్ అనే అమ్మాయి ఉండేది. తండ్రి మస్తాన్ ఊళ్ళు తిరిగి పరుపులు కుట్టేవాడు. ఊరి బయట మూడెకరాల మెట్ట చేను ఉండేది. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. షహీన్ తరగతిలో పెద్దగా నోరు విప్పేది కాదు. ఈ జంట మాటలు చెప్తున్న రోజు మాత్రం లేచి నిలబడింది.

"సార్, చేన్లోకి వచ్చి తవ్వుతాదే, ఆ జంతువును ఇంగ్లీషులో ఏమంటారు?"

"ఏ జంతువు? ఎలుకా?"

"కాదు సార్. పెద్దది."

"పంది సార్!" అని వెనక బెంచీ అరిచింది.

షహీన్ తల వంచుకుంది. "మా ఇంట్లో ఆ పేరెత్తరు సార్. మా జేజి ఒప్పుకోదు. పలికితే నోరు కడుక్కోమంటాది."

జేజి అంటే మా వైపు నాయనమ్మ. "మరి చేన్లోకి వస్తే ఏమని అరుస్తారు మే?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"అది వచ్చె, అది వచ్చె అంటాం."

"ఏదది?"

"అదే!"

తరగతంతా నవ్వింది, ఆ పిల్ల కూడా నవ్వింది. నేను నల్లబల్ల మీద బి-ఓ-ఏ-ఆర్ అని రాశాను. "బోర్" అని రెండుసార్లు మెల్లగా పలికి చూసుకుంది. "ఇంగ్లీషులో అయితే జేజికి తెలీదు" అని కూర్చుంది.

అట్లా ఆ ఇంట్లోకి ఒక మాట పోయింది. పంపింది నేనే.

ఎర్ర గీత

కొన్ని నెలల తర్వాత ఒక గురువారం పొద్దున షహీన్ సెలవు చీటీ పక్కింటి పిల్లతో వచ్చింది. 'ఈ రోజు తెల్లవారుజామున బోర్ మా చేనికి వచ్చి మా నాయనను గాయపరిచింది. మూడు రోజులు సెలవు ఇవ్వగలరు' అని ఇంగ్లీషులో రాసింది. అందులో 'బోర్' బి-ఓ-ఏ-ఆర్. పంది స్పెల్లింగు. పైన 'డియర్' కూడా సరిగ్గా రాసింది. అది చూసైనా నేను ఆగాల్సింది.

ఆగలేదు. ఆ ఏడు మా పిల్లల రాతల్లో బోరు లేని పేజీ లేదు. బోరు ఎండింది, కొత్త బోరు వేస్తున్నారు, బోరులో మోటరు ఇరుక్కుంది. సగం మంది దానికి పంది స్పెల్లింగు రాసేవాళ్ళు. వారానికి ఎన్ని పందులను బోర్లుగా మార్చేవాణ్ణో చెప్పలేను. చెయ్యి అలవాటుగా పోయింది. ఏ-ఆర్ కొట్టేసి ఆర్-ఇ రాశాను. 'తిరిగి రాయి' అని పెట్టి, మధ్యాహ్నం ఆ పక్కింటి పిల్లతోనే తిప్పి పంపాను.

తండ్రికి దెబ్బ తగిలిందని రాసిన పిల్లకు నేను పంపిన జవాబు ఒక ఎర్ర గీత.

సోమవారం షహీన్ బడికి వచ్చింది. "మీ నాయనకు ఎట్లుంది?" అన్నాను. "పర్వాలేదు సార్" అంది. తప్పులేకుండా తిరిగి రాసిన చీటీ ఇచ్చింది. మిగతా కాగితాలతో పాటు ఇంటికి తెచ్చాను. సాయంత్రం టీ తాగుతూ సుగుణ ఆ కట్టలో పై కాగితం తీసింది. ఆమె ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటే కూడబలుక్కుని చదివేది.

"ఇదేంది, బోర్ చేనికి వచ్చింది అని ఉండాది?"

"ఏదో ప్రమాదం. పైపు తగిలుంటుంది."

"తగిలితే తగిలిందని రాస్తాది గదా. 'వచ్చి' అని రాసింది. బోర్ యాడికన్నా వస్తాదా? మనమే దాని కాడికి పోతాం."

"తొమ్మిదో తరగతి పిల్ల సుగుణా. ఇంగ్లీషు సరిగా రాదు."

"ఇంగ్లీషు ఎవరికి రాదో నాకు తెలీదు. ఈ పిల్లకు జరిగింది చెప్పడం వస్తాది."

టీ గ్లాసు కింద పెట్టాను. నేను కొట్టేసిన అక్షరాలు అప్పుడు గుర్తుకొచ్చాయి.

ఆసుపత్రి

మర్నాడు పొద్దున్నే మస్తాన్ ఇంటికి పోయాను. కట్టు కట్టిన కాలు చాపుకుని మంచం మీద ఉన్నాడు. వాకిట్లో అతని తల్లి కూర్చుని ఉంది.

"ఏం జరిగింది మస్తాన్?"

"అదే సార్… అది." తల్లి వైపు చూసి గొంతు తగ్గించాడు. "బోర్ సార్. మా పాప చెప్తాదే, అది."

"గుద్దిందా, కరిచిందా?"

"గుద్ది పడేసింది. లేద్దామంటే పిక్క పట్టుకొనింది. కొరికి ఇడిసింది సార్."

"టౌన్లో ఏం సూది వేసినారు?"

"ఒకటేసినారు. కడిగి కట్టు కట్టినారు."

షహీన్ ఆసుపత్రి కాగితం తెచ్చింది. గాయం ఎట్లా అయిందో రాసే చోట ఆ పిల్ల చేతిరాతే ఉంది. బి-ఓ-ఆర్-ఇ. మొదటి రోజు ఇంట్లోనే గుడ్డ చుట్టి ఊరుకున్నారట. శుక్రవారం మస్తాన్ నెత్తురు పోయి నీరసంగా పడి ఉంటే, కౌంటరులో వాళ్ళు ఈ పిల్లను చూసి, చదువుకునేదానివి కదా, నువ్వే రాయమన్నారట.

"మీరు దిద్దినట్లే రాసినా సార్" అంది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. తప్పు లేకుండా రాశానన్న ధీమా మాత్రమే ఉంది. నాకు ఎవరూ అంతకన్నా పెద్ద శిక్ష వేయలేదు.

బోరు పైపు తగిలిన గాయానికి ధనుర్వాతం సూది చాలు. అడవి జంతువు కరిస్తే పిచ్చికుక్క కరిచినప్పుడు వేసే సూదులే వేయాలి. గాయం చీరుకుపోయి ఉంది. ఇనుము చీరినా అట్లానే ఉంటుందట. తప్పు ఆసుపత్రిది కాదు, అందుకే ఊరు పేరు కూడా రాయడం లేదు. వాళ్ళు చదివింది సరైన స్పెల్లింగే.

షేర్ ఆటోలో రోడ్డుదాకా, అక్కడి నుంచి బస్సులో మస్తాన్‌ను తీసుకుని పోయాను. కౌంటరు ముందు పెద్ద వరస. నా వంతు రాగానే కాగితం అక్కడున్న నర్సమ్మ ముందు పెట్టాను.

"దీంట్లో తప్పుందమ్మా. బోర్ కాదు, బోర్."

ఆమె కాగితం చూసింది. "బోర్ అనే కదా సార్ ఉండేది."

"ఆ బోర్ కాదు. బోర్!"

"సార్, పొద్దున ఏమన్నా తిన్యారా?"

"స్పెల్లింగు వేరమ్మా. బి, ఓ, ఏ…"

"ఏమన్నా, ఆడ బోర్ కొట్టిస్తాండావు! జరుగు" అన్నాడు వెనక ఎవరో. వరసంతా నవ్వింది. నేను ఇంకా బి, ఓ, ఏ, ఆర్ అంటూనే ఉన్నాను. ఇంతమంది తెలుగువాళ్ళ మధ్య నిలబడి, తెలుగు మాట ఒకటుందని నాకు తోచలేదు.

మస్తాన్ గోడ పట్టుకుని ఒంటికాలి మీద ముందుకు వచ్చాడు. పుట్టినప్పటి నుంచి పలకని మాటను ఆసుపత్రి అదిరేలా అరిచాడు.

"పందమ్మా! పంది! అడవి పంది కరిచింది నన్ను!"

నవ్వు ఆగిపోయింది. నర్సమ్మ లేచి నిలబడింది. "అట్ల తెలుగులో చెప్పల్ల కదా సార్ ముందే!" అని డాక్టరు గదికి పరుగెత్తింది.

డాక్టరు చిన్న వయసువాడు. కట్టు విప్పి చూశాడు. "పల్లు దిగిన రోజే వేయాల్సింది. ఐదు రోజులైంది. ఇప్పుడన్నా మొదలుపెడదాం" అన్నాడు.

"ఏమీ కాదు కదా డాక్టర్?"

"కాదని మాట ఇవ్వలేను సార్. ఒక్క సూది కూడా తప్పకుండా చూసుకోండి."

బయటికి వచ్చాక మస్తాన్ కుళాయి దగ్గర మూడుసార్లు నోరు పుక్కిలించాడు. తువ్వాలుతో మూతి తుడుచుకుని అన్నాడు, "మా అమ్మకు చెప్పొద్దు సార్."

నీళ్ళు తాగినాడా

మిగతా సూదులన్నిటికీ నేనే వెంట పోయాను. పరుపు పని ఉందని ఒకసారి మొండికేశాడు. "నువ్వు రాకపోతే నీ వాకిట్లోనే కూర్చుంటా" అన్నాను. "ఏం సార్, మీరు దాని కంటే గట్టిగా పట్టుకున్యారే" అని నవ్వి బయల్దేరాడు.

ఆ పిచ్చికుక్క జబ్బు వస్తే మనిషి నీళ్ళు చూసి భయపడతాడని చదివాను. అందుకని ప్రార్థన అయ్యాక రోజూ షహీన్‌ను పక్కకు పిలిచి అడిగేవాణ్ణి.

"మీ నాయన నీళ్ళు తాగినాడా?"

"తాగినాడు సార్."

ఎందుకు అడుగుతున్నానో నేను చెప్పలేదు. కొన్ని రోజులకు ఆ పిల్లే కనుక్కుంది. ఆ తర్వాత నేను అడగకముందే దూరం నుంచి చెయ్యెత్తి తాగినట్టు సైగ చేసేది. సూదులన్నీ అయినా నాకు నమ్మకం కుదరలేదు. శెనక్కాయ పీకే రోజులదాకా అడుగుతూనే ఉన్నాను. ఒకరోజు మస్తానే బడికి వచ్చాడు. గేటు దగ్గరి కుళాయి కింద దోసిలి పట్టి కడుపు నిండా తాగి, "సూసినారు కదా సార్, ఇంగ మా పిల్లను అడగొద్దండి" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు తొమ్మిదో తరగతికి పోయి జరిగింది చెప్పాను. షహీన్ సరిగ్గా రాసిందని, నేను తప్పు దిద్దానని, ఆ తప్పును తిరిగి రాయించింది కూడా నేనేనని చెప్పాను. టీచరు ఇట్లా ఒప్పుకుంటే పిల్లల్లో మర్యాద పోతుందని అప్పటి హెడ్మాస్టరు మందలించారు. పోలేదు. పోయినా ఒప్పుకోవాల్సిందే.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఎర్ర పెన్నును రెండో చదువుకు మాత్రమే తీశాను. మొదటి చదువు పెన్సిలుతో. మాట తేడాగా ఉంటే పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టి, ఆ పిల్లను పిలిచి, "ఏం చెప్పాలనుకున్నావు?" అని తెలుగులో అడిగేవాణ్ణి. నోటు పుస్తకాలు ఆలస్యమయ్యాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు రెండుసార్లు రాతపూర్వకంగా అడిగారు. జవాబిచ్చాను, పద్ధతి మార్చలేదు. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఫోను వచ్చింది, పిల్లలు మాట చెప్తే అదే రాసిపెడుతుంది. స్పెల్లింగు దిద్దడానికి టీచరు అక్కర్లేదు. ఏం చెప్పాలనుకున్నావని అడగడానికి మాత్రం కావాలి. మీ ఉద్యోగం అదే. రోజుకు నలభైమందిని అడగడం కుదరదని నాతో అనకండి. నేను అడిగాను.

అర్ధ సంవత్సరం పరీక్షలో జంట మాటలతో సొంత వాక్యాలు రాయమని ఇచ్చాను. 'బోర్' నేనే పెట్టాను. షహీన్ రెండు మాటలనూ కలిపి ఒక్క జవాబే రాసింది. ఇంట్లో సుగుణకు అది తెలుగు చేసి చదివి వినిపించాను.

"'సార్ రాసింది బోర్. వచ్చింది బోర్.'"

"రెండూ ఒకటే కదా. ఏం తేడా?" అంది.

పేపరు ఆమె చేతికిచ్చాను. అక్షరాలు కూడబలుక్కుని చదివింది. చాలాసేపు నవ్వింది.

"ఎన్ని మార్కులేసినారు?"

"రెండుకు రెండు."

"మిమ్మల్ని దిద్దినందుకు ఇంకోటేయండి" అంది.

ఇంకో మాట

సుగుణ పోయిన వారానికి ఫోను తెరిచాను. పరామర్శల మధ్య ఎప్పటిలాగే గుడ్ మార్నింగ్ బొమ్మలు ఉన్నాయి. సంగతి తెలియని పాత విద్యార్థులు రోజూ పంపేవి. పువ్వులు, సూర్యుడు, టీ కప్పులు. ఒక్కొక్కటే తీసేస్తూ పోయాను. షహీన్ దగ్గర నుంచి కూడా ఒకటి ఉంది. ఇప్పుడు ఆమె అనంతపురంలో నర్సుగా పనిచేస్తోంది. బొమ్మ లేదు, ఒక్క వరస ఉంది. 'సార్, మార్నింగ్ విత్ యూ.'

ఈ పిల్లకు కూడా ఈ రోజు గుడ్ మార్నింగులేనా అనుకున్నాను. 'గుడ్' కూడా మరిచిపోయింది, వాక్యం కూడా సరిగా లేదు అనుకున్నాను. తీసేయడానికి వేలు పెట్టాను.

'బోర్ యాడికన్నా వస్తాదా?' అన్న సుగుణ గొంతు గుర్తొచ్చి ఆగాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఎం, ఓ తర్వాత యు ఉంది. పొద్దు అనే మార్నింగ్‌లో యు ఉండదు. పోయినవాళ్ళ కోసం దుఃఖపడటం అనే మార్నింగ్‌లో ఉంటుంది.

షహీన్ తప్పు రాయలేదు. అప్పుడూ రాయలేదు.